ఎర్రకాడల జెముడు

చలిదేశాల్లో డాగ్‌వుడ్ పొదలను పూలకంటే ఎర్రని కాడల కోసమే ఎక్కువగా పెంచుతారు. లేత కొమ్మలకే రంగు బాగా పడుతుంది కనుక చలికాలం చివర వాటిని మొదలంటా నరుకుతారు. గుంటూరు, ప్రకాశం ఎండలకు ఆ మొక్క తట్టుకోలేదు. ఇక్కడ కాడల అందానికి కాడజెముడే తగినది.

ఆఫ్రికా నుంచి వచ్చిన ఈ మొక్క మన పొలాలకు పాత కంచె. దీని పాల నుంచి ఇంధనం తీయవచ్చని నోబెల్ గ్రహీత మెల్విన్ కాల్విన్ 1970లలో ఆశించాడు. ఆ ఆశ ఫలించలేదు.

నర్సరీల్లో ‘స్టిక్స్ ఆన్ ఫైర్’ పేరుతో దొరికే కాడజెముడు రకానికి కొనకాడలు పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లోకి తిరుగుతాయి. చలిరోజుల్లో ఎరుపు ముదురుతుంది. నీడలో పెడితే మాత్రం పచ్చగానే ఉండిపోతుంది; రోజంతా ఎండ తగలాలి. జానెడు కొమ్మను కోసి, పాలు ఆరేదాకా కొన్నాళ్లు నీడన ఉంచి నాటాలి. నల్లరేగడిలో నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది కనుక ఇసుక, గులకరాళ్లు కలిపిన ఎత్తైన గట్టు మీదే నాటాలి. ఎరువు అక్కర్లేదు.

పాలు కంట్లో పడితే చూపు దెబ్బతినవచ్చు. కత్తిరించేటప్పుడు చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. పాలు కంట్లో పడితే వెంటనే ధారాళంగా నీళ్లతో కడిగి వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. పిల్లలు ఆడుకునే చోట ఈ మొక్కను పెంచకూడదు.