గోడ మీద టీవీ, కనిపించని తీగలు

గోడకు ముచ్చటగా టీవీ బిగించాక, దాని కింద సెట్‌టాప్ బాక్సు దాకా తీగలు వేలాడుతుంటాయి. చూపుకు బాగుండకపోవడం ఒక్కటే కాదు, పాకే పిల్లలున్న ఇంట్లో అవి ప్రమాదం కూడా.

సొంత ఇల్లయితే, రంగులు వేయించే ముందే టీవీ వెనక నుంచి కింది బల్ల దాకా గోడలో గాడి తీయించి పీవీసీ పైపు పెట్టించండి. బాక్సును టీవీకి కలిపే హెచ్‌డీఎంఐ తీగ సన్నదే, కానీ దాని తల సుమారు 2 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. అందుకే 40 మిల్లీమీటర్ల పైపు మేలు. లోపల నైలాన్ తాడు ఒకటి వదిలితే, రేపు తీగ మార్చడం సులువు. కరెంటు తీగలకు వేరే పైపు ఉండాలి. పిల్లర్లను, బీములను మాత్రం చెక్కించవద్దు.

అద్దె ఇంట్లో గోడ పగలగొట్టలేం. అక్కడ ప్లాస్టిక్ కేసింగ్ పట్టీ బిగించి, గోడ రంగే దానికీ వేస్తే చాలు.

బాక్సును అలమరలో దాచాలనుకుంటే ఒక చిక్కుంది. మామూలు రిమోట్ నుంచి వచ్చే పరారుణ (ఐఆర్) కిరణాలు చెక్క తలుపును దాటవు. అందుకే ఆ సంకేతాన్ని లోపలికి చేరవేసే ఐఆర్ ఎక్స్‌టెండర్ కొని, దాని కన్నును టీవీ అంచున, రెండో కొసను బాక్సు ముందు అతికించండి. బాక్సు వేడెక్కుతుంది కనుక అలమరలో గాలి ఆడాలి.

గోడకు సుత్తి తగలకముందే, లోపల కరెంటు పైపు ఎటు వెళ్తోందో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. అందం కన్నా ప్రాణం ముఖ్యం.