టికెట్ మీద ఒక్క అక్షరం

అమెరికాలో ఉన్న మీ అబ్బాయి బిజినెస్ క్లాస్ టికెట్ పంపాడనుకోండి. అందులో క్లాస్ అన్నచోట ఒక్క ఇంగ్లిష్ అక్షరం ఉంటుంది. జె కావచ్చు, డి కావచ్చు, జెడ్ కావచ్చు. అది సీటు నంబరు కాదు. ఆ టికెట్‌ను ఏ రకం ధరకు కొన్నారో చెప్పే గుర్తు.

పక్కపక్క సీట్లే. ఒకరిది జె, ఇంకొకరిది జెడ్. మరి తేడా ఎక్కడ? షరతుల్లో. జె అంటే సాధారణంగా పూర్తి ధర. తేదీ మార్చుకోవడం, డబ్బు వెనక్కి తీసుకోవడం తేలిక. జెడ్ చాలా విమాన సంస్థల్లో తగ్గింపు ధర. రద్దు చేసుకుంటే కోత ఎక్కువ, ప్రయాణానికి బహుమతిగా వచ్చే మైళ్లు (పాయింట్లు) తక్కువ. పెద్దవాళ్ల ప్రయాణాలు ఆరోగ్యాన్ని బట్టి మారుతుంటాయి కదా, అందుకే ఈ తేడా ముఖ్యం.

అన్ని సంస్థల్లో అక్షరానికి ఒకే అర్థం ఉండదు. పి అనేది లుఫ్తాన్సాలో బిజినెస్, సింగపూర్ ఎయిర్‌లైన్స్‌లో ప్రీమియం ఎకానమీ. అందుకని డబ్బు కట్టేముందే అడగండి: అక్షరం ఏది, దాని షరతులేమిటి?