తేనెటీగ చెప్పే దారి

సర్వస్తోత్రాలూ సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై శాంతి శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! దివ్య ఖుర్ఆన్‌లోని 16వ సూరాకు తేనెటీగ పేరు ఉంది. దానికి గృహనిర్మాణాన్నీ, సంచరించే మార్గాలనూ తానే బోధించానని 68, 69 ఆయతులలో అల్లాహ్ తెలియజేస్తున్నాడు. ఆలోచించేవారికి అందులో సూచన ఉన్నదంటున్నాడు.

ఆస్ట్రియా శాస్త్రవేత్త కార్ల్ ఫాన్ ఫ్రిష్ దశాబ్దాల పాటు ఈ ఈగలను పరిశీలించాడు. పూలను కనుగొన్న ఈగ చీకటి గూటికి తిరిగివచ్చి, నిలువుగా ఉన్న పట్టుపై శరీరాన్ని అదిలిస్తూ తిన్నగా సాగుతుంది. ఆ నడక నిలువుగీతకు ఎంత వాలితే, సూర్యుని దిశకు పూలు అంత పక్కగా ఉన్నట్లు. ఎంత సేపు సాగితే అంత దూరం. ఈ పరిశోధనకు 1973లో ఆయన మరి ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి పొందాడు.

సోదరులారా! ఆ ఈగ మన పొలం దారిని తోటివాటికి ఉన్నదున్నట్లు చెబుతుంది. పూతపై పట్టపగలు మనం పురుగుమందు చల్లితే, ఆ సత్యమే వాటిని మృత్యువు వద్దకు నడిపిస్తుంది. తేనెటీగను చంపవద్దని దైవప్రవక్త (స) వారించారు కదా! పూత కాలంలో మందు మానుకుందాం. తప్పనిసరైతే, అవి గూటికి చేరిన సాయంకాలం చల్లుదాం. అవి రాని చేనులో పొద్దుతిరుగుడు గింజ సరిగా పట్టదు. నష్టం మనకూ ఉన్నది.

అల్లాహ్ మనకు ఆలోచించే బుద్ధినీ, కరుణించే హృదయాన్నీ ప్రసాదించుగాక! ఆమీన్.