గుఱ్ఱముల ప్రేగులలో అడ్డు: గుర్తించుట, చికిత్స
(రైతుల సభలో చదువబడిన ఉపన్యాసము)



నేను పశువైద్యుడను గాను. రెవెన్యూ శాఖలో భాషాంతరీకరణము చేయు ఉద్యోగిని. పశువైద్యుల వ్రాతలను తెనిగించుచు గ్రహించిన సంగతులను, మా యింట జరిగిన యొక నష్టమును మీకు మనవి చేసికొనుచున్నాను.

నా బాల్యమున మా తండ్రిగారి గుఱ్ఱము ఒక సాయంకాలము దాణా ముట్టక, ముందుకాలితో నేల దువ్వుచు, మాటిమాటికి డొక్కవైపు చూచుకొనుచుండెను. ఎద్దునకు పోసినట్లే వెదురుగొట్టముతో ఆముదము పోసితిమి. అది దగ్గెను, మూడు దినములు రొప్పి చనిపోయెను. దానిని చంపినది ప్రేగులోని అడ్డో, మేము పోసిన ఆముదమో నేటికిని చెప్పజాలను.

గుఱ్ఱము వాంతి చేసికొనజాలదు. దాని పెద్దప్రేగు ఒకచోట వెనుకకు మడతపడి, అచ్చట సన్నగిలును. నీరు చాలకున్నను, పండ్లు అరిగి ముదురు చొప్పను నమలలేకున్నను, కదలిక లేక కట్టివేయబడియున్నను మేత అచ్చటనే గట్టిపడును. ఇసుకనేలపై మేత వేసినచో ఇసుకయు ప్రేగులలో చేరును.

లద్దె తగ్గుట లేక ఎండి చిన్న ఉండలుగా పడుట, మేత విడుచుట, పొరలుట, చెమట పట్టుట దీని చిహ్నములు. దవడయెముక క్రింది అంచున నాడిని 15 సెకండ్లు లెక్కించి నాలుగింతలు చేయుడు. విశ్రాంతిగా నున్న పెద్ద గుఱ్ఱమునకు నిమిషమునకు 28 మొదలు 44 వఱకు ఉండును. 60 దాటినను, చిగుళ్లు నల్లబారినను ప్రేగు మెలిపడియుండవచ్చును. అప్పుడు గడియ యాలస్యమును ప్రాణాంతకమే.

అనుమానము కలిగిన తక్షణమే మేతనంతయు తీసివేసి, పశువైద్యునికి కబురంపుడు. పొరలి గాయపడకుండ మెల్లగా నడిపింపవచ్చును; అలసిపోవునట్లు నడిపింపరాదు. నోట నేమియు పోయరాదు. మనుష్యుల నొప్పిమందు ఈయరాదు. గుదమున చేయి పెట్టరాదు. అచ్చటి పొర సులభముగా చినుగును.

వైద్యుడు ముక్కుగుండ గొట్టమును కడుపులోనికి దింపి చూచును. కడుపులో నిలిచిన ద్రవము వెలికి వచ్చినచో, ఆ దారిని మందు పోయక నరమున ద్రవములెక్కించును. అట్లు రాకున్నచో ఆ గొట్టము గుండనే నీటిని, భేదియుప్పును లేక ఖనిజతైలమును పంపును. పెద్దప్రేగులో మేత గట్టిపడుటవలన కలిగిన అడ్డులు చాలవఱకు ఈ చికిత్సతోనే విడిపోవును. ప్రేగు మెలిపడినచో శస్త్రచికిత్స తప్ప గత్యంతరము లేదు.

రాకుండ చేసికొనుటయే మేలు. ఎల్లప్పుడు శుభ్రమైన నీరుంచుడు. దినమునకు 25 లీటర్లకు తక్కువ గాక త్రాగవలయును. ఏటేట పండ్లు చూపింపుడు. మేతను తొట్టిలో వేయుడు. మేతను మార్చునపుడు వారము పది దినములలో క్రమముగా మార్చుడు. దినదినము లద్దెను చూచుడు.

ఎద్దుకు పనికివచ్చు గొట్టము గుఱ్ఱమునకు మృత్యువు కాగలదు. మా యింటి నష్టము మీ యింట జరుగకుండుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాను.