మనువాదులు కోర్టుకెందుకు పోయారు?

(భీమునిపట్నం సభలో ఒక బడిపంతులు చేసిన ప్రసంగం)



మగవాణ్ణి ప్రేమించే మగవాడి గురించి, ఆడదాన్ని ప్రేమించే ఆడదాని గురించి దళితుల సభలో మాటలేటని కొందరు గొణుగుతున్నారు. కాస్త వినండి.

అలాంటివాళ్లని జైల్లో పెట్టే 377వ సెక్షన్ తెల్లదొరలు 1860లో రాసింది. పెద్దవాళ్లు ఇష్టపడి కలిస్తే నేరం కాదని 2009లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. ఆ తీర్పు మీద సుప్రీంకోర్టుకి పరుగెత్తినోళ్లెవరు? ఒక జ్యోతిష్కుడు, కొన్ని చర్చి సంఘాలు, ముస్లిం పర్సనల్ లా బోర్డు, సనాతన ధర్మ ప్రతినిధి సభ. వాళ్లతోపాటు క్రాంతికారి మనువాదీ మోర్చా పార్టీ! పేరులోనే మనువుని పెట్టుకున్నోళ్లు.

ఆ మనువేటి రాశాడు? కన్నెపిల్లతో కూడిన ఆడదానికి గుండు గీయించాలి, లేదంటే రెండు వేళ్లు నరకాలి, గాడిదనెక్కించి ఊరేగించాలి. ఎనిమిదో అధ్యాయంలో ఉంది. 1927లో మహాద్‌లో బాబాసాహెబ్ తగలబెట్టిన పుస్తకం అదే.

మనువు తరవాత దొర. 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చాడు. మొదటి భాగం పుట్టుకతోనే దొంగలని కులాలకి ముద్ర వేసింది. రెండో భాగం హిజ్రాల పేర్లు పోలీసు రిజిస్టరుకెక్కించింది. మన ఎరుకలోళ్లని స్టూవర్టుపురంలో పెట్టిందీ ఆ పేరుతోనే తరవాత వచ్చిన చట్టమే. నిజాం రాజ్యంలో 1919లో ఇంకొకటి వచ్చింది: హిజ్రా చీర కట్టి వీధిలో కనబడితే వారంటు లేకుండా అరెస్టు. 2023లో గానీ తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టెయ్యలేదు.

2013లో సుప్రీంకోర్టులో వాళ్లే గెలిచారు. వీళ్లు మరీ కొద్దిమందే కదా అంది కోర్టు. తలలు లెక్కెట్టి హక్కులిస్తే, ఊరికి పదిళ్లున్న మన పేటల గతేటి?

2018లో అదే సుప్రీంకోర్టు, అయిదుగురు జడ్జీలు కూర్చుని, ఆ తీర్పుని తిరగరాసింది. దేన్ని ఆధారం చేసుకున్నారు? 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ చెప్పిన రాజ్యాంగ నీతిని. ఊరి నీతి వేరు, రాజ్యాంగ నీతి వేరు. ఊరి నీతే గెలిస్తే మనం ఈపాటికీ చెరువు గట్టు ఎక్కలేం.

పోరాటం తీరలేదు. పెళ్లి హక్కు ఇవ్వలేమని 2023లో సుప్రీంకోర్టే చెప్పింది.

చర్చి పేరెత్తానని యేసుని నమ్ముకున్న మనోళ్లు నొచ్చుకోవద్దు. నమ్మకం మీది. ఆ పేరుతో ఇంకొకణ్ణి జైలుకి పంపమనడం వేరు సంగతి.

మన పేటలో అలాంటి పిల్లో పిల్లాడో ఉంటే కొట్టకండి, తరమకండి, బలవంతపు పెళ్లి చెయ్యకండి. వెలి అంటే ఏటో మనకొకరు చెప్పాలా? మనువు చేతిలో కర్ర మనం పట్టొద్దు.

జై భీమ్!