నాటు అనే మాట గురించి నాలుగు మాటలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరును కాబట్టి వంతెనల గురించి చెప్పమన్నారు. భోజనాలకు ముందు వంతెనలు అరగవు. అందుకని ఒక మాటను పట్టుకొచ్చాను: నాటు.

ఈ కోవ మాటలు మనకు చాలా ఉన్నాయి. బట్టయితే ముతక, పిండయితే బరక, గోడయితే గరుకు, మనిషయితే మోటు, మొరటు. వస్తువులకు వాడినంతకాలం ఇవి తిట్లు కావు. 4.75 మిల్లీమీటర్ల జల్లెడ మీద నిలిచేది కంకర, కిందికి దిగేది ఇసుక, రెండూ కావాలి. నున్నటి ఊచకన్నా గీతలున్న ఊచకు కాంక్రీటుతో పట్టు 60 శాతం ఎక్కువగా లెక్కగట్టమంటుంది మా ఐఎస్ 456 కోడ్. గరుకుదనానికి మా వృత్తిలో అంత విలువ.

నాటు సంగతి వేరు. అది తాకి చూసి పెట్టిన పేరు కాదు, చిరునామా. నాడు అంటే సీమ: వెలనాడు, పాకనాడు, రేనాడు. ఔపవిభక్తికాల పాఠం గుర్తుందా? నాడు కాస్తా నాటి అవుతుంది, రేనాటి చోళుల్లో లాగా. తెలుగులో దొరికిన తొలి శాసనాల్లో ఒకటైన కలమళ్ల శాసనం ఆ రేనాటి వాళ్లదే. తమిళులూ నాట్టుకోళి అంటారు. (వరినాట్లలో నాటు వేరే ధాతువు, కలపకండి.) అంటే నాటుకోడి మన సీమ కోడి, అంతే. బయటి సరుకు వచ్చాక ఇంటి సరుకు లోకువైంది: నాటువైద్యం, నాటుసారా. విచిత్రమేమిటంటే దేశవాళీ అన్నా అర్థం అదే. కానీ దేశవాళీ ఆవుకు దండం పెడతాం, నాటు మనిషిని చూసి నవ్వుతాం.

ఈ పని మనమొక్కరమే చేయలేదు. గ్రామం నుంచి గ్రామ్యం, నగరం నుంచి నాగరికం. లాటిన్‌లో వల్గస్ అంటే సామాన్య జనం, అందులోంచి వల్గర్. విల్లా అంటే పొలంలోని ఇల్లు, అక్కడ పనిచేసేవాడు విలన్ అయ్యాడు. ఇవాళ విల్లా కొన్నవాడు మాత్రం పెద్దమనిషి! అన్నిటికన్నా నాకు ముచ్చటేసింది ఇది: ఒకప్పుడు వాసనకు మామూలు పేరైన కంపు దుర్వాసనగా దిగజారింది కదా, అలా అర్థం చెడిపోవడాన్ని మన భాషాశాస్త్రం అర్థగ్రామ్యత అంటుంది. చెడిపోవడానికి కూడా ఊరి పేరే.

చిన్నయసూరి తెలుగును తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని నాలుగుగా విడగొట్టాడు. జనం నోటి మాటను గ్రామ్యమని తోసేసిన వాళ్లతో గిడుగు రామమూర్తి బతుకంతా పోట్లాడాడు. అదే మనిషి సవరల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకున్నాడు. ఆయన పుట్టిన ఆగస్టు 29న ఏటా దండలు వేస్తాం.

ఏడో తరగతిలో మా పక్క బెంచీలో ఒకడుండేవాడు. చెరువు అవతలి ఊరి నుంచి నడిచి వచ్చేవాడు, లెక్కల్లో మా అందరికన్నా ముందు. ఒకరోజు పాఠం చదవమంటే, "యాడనుంచి సదవాల సా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆ రోజు నుంచి వాడి పేరు మోటోడు. తర్వాత జవాబు తెలిసినా లేచేవాడు కాదు. ఎనిమిదిలో కనిపించలేదు. ఆ నవ్వే కారణమని చెప్పలేను, ఇంట్లో ఏ ఇబ్బందో ఉండొచ్చు. కానీ వాడి గొంతు ఆగింది మాత్రం బడి మానేశాక కాదు, బెంచీలో ఉండగానే.

2023లో నాటు నాటు పాటకు ఆస్కార్ వచ్చింది, సంతోషం. హోటళ్లలో నాటుకోడికి ఫారం కోడికన్నా ఎక్కువ ధర, అదీ సంతోషమే. పిల్లల మాటకే ఇంకా రేటు రాలేదు.

అందుకని ప్రధానోపాధ్యాయులవారికి ఒక మనవి. వార్షికోత్సవంలో వక్తృత్వంతో పాటు కథ చెప్పే పోటీ ఒకటి పెట్టండి. ఇంట్లో అవ్వ ఎలా మాట్లాడుతుందో అలాగే చెప్పాలి. మధ్యలో ఎవరూ దిద్దకూడదు, ఉచ్చారణకు మార్కులు కోయకూడదు. న్యాయనిర్ణేతల్లో ఒకరు ఏ పిల్లాడి అవ్వో అయితే ఇంకా మేలు. బహుమతుల ఖర్చు నాది. ఈ ఏడాది చెక్కు ఇప్పుడే తెచ్చాను.