రక్షణ జీతమా, కానుకా?



ఈ సదస్సుకు నిర్వాహకులు పెట్టిన పేరు ‘విశ్వాసమా, కృపా, సత్క్రియలా?’ అని. అధ్యక్షుడు మొదటి మాటలోనే శీర్షికతో తగువు పెట్టుకోవడం మర్యాద కాదు గానీ, తప్పేలా లేదు. ఈ మూడింటిలో ఒకటి ఏరుకోమంటే, క్రైస్తవ సంఘాలు ఆడని వాదాన్ని వాటి నోట్లో పెట్టినట్టవుతుంది. మనిషి తన ప్రయత్నంతోనే నీతిగా బతకగలడన్న ధోరణి పెలాగియస్‌ది అంటారు. ఆ బోధను 418లోనే కార్తేజ్ సభ తోసిపుచ్చింది. ఆ తర్వాత రోము గానీ విట్టెన్‌బెర్గ్ గానీ కృప అక్కర్లేదని ఎన్నడూ చెప్పలేదు.

మరి ఇంతకాలం తగువు దేని మీద? రక్షణ జీతమా, కానుకా అన్నదాని మీద. జీతమైతే అడిగి పుచ్చుకునే హక్కుంటుంది. కానుకైతే చేయి చాపడమే మన వంతు. పుచ్చుకున్న చేయి ఆపైన ఊరకే ఉండవచ్చా అన్నది రెండో ప్రశ్న. ఈ రెంటినీ కలగలిపేయడం వల్లే సగం గొడవ.

పౌలు, యాకోబు ఇద్దరూ అబ్రాహామునే సాక్షిగా పిలుస్తారు. ఆదికాండంలోని ఒకే వాక్యాన్ని ఇద్దరూ చూపిస్తారు. కానీ పౌలు నిలబడేది పదిహేనో అధ్యాయంలో. సంతానం లేని ముసలివాడు నక్షత్రాల కేసి చూసి దేవుడి వాగ్దానాన్ని నమ్మిన చోటు అది. అప్పటికి సున్నతీ లేదు, ధర్మశాస్త్రమూ లేదు. యాకోబు చూపేది ఇరవై రెండో అధ్యాయం. అదే మనిషి కొడుకు ఇస్సాకును బలిపీఠం మీద పెట్టిన ఘట్టం. మధ్యలో ఏళ్లు గడిచాయి. ఎదుట ఉన్నవాళ్లూ వేరు. సున్నతి పొందితే తప్ప అన్యజనులను లోపలికి రానీయమనేవాళ్లకు పౌలు జవాబు చెబుతున్నాడు. ఆకలితో వచ్చినవాణ్ని చల్లగా వెళ్లు నాయనా అని దీవించి పంపేసేవాళ్లను యాకోబు నిలదీస్తున్నాడు. యాకోబు పత్రికలో ఈ మాటలున్న అధ్యాయం మొదలయ్యేది దేనితోనో మనం తరచు మరచిపోతాం. బంగారు ఉంగరం పెట్టుకొచ్చినవాడికి మంచి చోటు, మాసిన బట్టలవాడికి నిలబడే చోటు. పెళ్లి సంబంధం దగ్గర ఇప్పటికీ కులం ఆరా తీసే సంఘాలు మనలో ఉన్నాయి. అక్కడ యాకోబు మీద ప్రసంగాలు అరుదైతే ఆశ్చర్యపోను.

ఇప్పుడొక మనిషిని పరిచయం చేస్తాను. గాస్పరో కాంటారిని, వెనిస్ కులీనుడు. 1511 నాటికి ఆయన సన్యసించని మామూలు మనిషి. ఆప్తమిత్రుడు జుస్తినియాని లోకం వదిలి కమాల్డోలి ఆశ్రమానికి వెళ్లిపోయాడు. అంత తపస్సు చేస్తున్నా చేసిన పాపాలకు అది చాలుతుందో లేదో అన్న దిగులు అతన్ని వదల్లేదు. కాంటారినికీ అదే బెంగ. ఆ ఏడు ఈస్టరు ముందు శనివారం పాపసంకీర్తనానికి వెళ్లి ఒక గురువుతో మాట్లాడాక ఆయనకు లెక్క తేలింది. తను ఎంత ప్రాయశ్చిత్తం చేసుకున్నా ఆ అప్పు తీరేది కాదు, క్రీస్తు శ్రమలే దానికి చాలు. ఇక ఆశ్రమానికి పోనక్కర్లేదు, ఊరి నడుమ ఉండి కూడా నిశ్చింతగా నిద్రపోవచ్చు. ఇదే సంగతి మిత్రుడికి ఉత్తరం రాశాడు. లూథర్ 95 వాదాంశాలు వెలువడటానికి అప్పటికింకా ఆరేళ్లుంది.

ముప్పై ఏళ్లకు, 1541లో, అదే కాంటారిని కార్డినల్‌గా, పోపు ప్రతినిధిగా రేగెన్స్‌బుర్గ్ చేరాడు. చక్రవర్తి ఐదో చార్లెస్ పిలిపించిన చర్చ అది. కతోలికుల వైపు ఎక్, గ్రోపర్, ఫ్లుగ్. ప్రొటెస్టెంట్ల వైపు మెలాంక్‌థన్, బూత్సర్, పిస్టోరియస్. మనిషి నీతిమంతుడుగా తీర్చబడటం గురించిన ఐదో అధికరణం మీద మే 2న ఇరుపక్షాలూ ఒక మాట మీదికి వచ్చాయి. మనిషిని నీతిమంతుణ్ని చేసేది జీవంగల విశ్వాసమే, అది ప్రేమతో పనిచేయకుండా ఉండదు అన్నది దాని సారాంశం. తర్వాత ప్రభుభోజనం దగ్గర, సంఘాధికారం దగ్గర చర్చ విరిగిపోయింది. ఒప్పుకున్న అధికరణాన్ని కూడా లూథర్ అతుకులబొంతగా చూశాడు. రోమూ దాన్ని అంగీకరించలేదు. మరుసటి ఏడాది కాంటారిని కన్నుమూశాడు. పాశ్చాత్య సంఘం చీలింది కేవలం విశ్వాసం, క్రియల తగాదా వల్లే అంటే, ఈ ఐదో అధికరణం చదివాక నాకు నమ్మబుద్ధి కాదు.

ఆపైన ఎవరి కోటగోడ వాళ్లు ఎత్తుకున్నారు. 1547 జనవరిలో కతోలికుల ట్రెంటు సభ ప్రకటించిన నిషేధవాక్యాల్లో మొట్టమొదటిది, దేవుడి కృప లేకుండా సొంత క్రియలతో నీతిమంతుడవుతానన్నవాడి మీదే! మన ప్రొటెస్టెంటు ప్రసంగీకుల్లో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. ట్రెంటుకు, లూథర్‌కు అసలు పేచీ ఆ తర్వాతి అడుగులో ఉంది. కృపతో మొదలైన నీతి సత్క్రియలతో పెరుగుతుందని, వాటికి ప్రతిఫలం ఉంటుందని ట్రెంటు అంది. లూథరన్ల ఇంట్లో మాత్రం శాంతి ఉందా? రక్షణకు సత్క్రియలు అవసరమని మేజర్ అంటే, అవి రక్షణకు హానికరమనేదాకా పోయాడు ఆమ్స్‌డోర్ఫ్. వేడి మీద పెద్దలు కూడా ఎంత మాటైనా అంటారు. 1577లో లూథరన్లు ఆమోదించిన ఒడంబడిక పత్రం ఇద్దరి మాటనూ పక్కన పెట్టింది.

ఆ గోడలు దిగడానికి శతాబ్దాలు పట్టింది. లూథరన్ ప్రపంచ సమాఖ్య, కతోలిక సంఘం కలిసి, మనిషి నీతిమంతుడుగా తీర్చబడటం గురించిన సంయుక్త ప్రకటన మీద ఆగ్స్‌బుర్గ్‌లో సంతకాలు చేసింది 1999 అక్టోబరు 31న. 2006లో మెథడిస్టులు, 2017లో రిఫార్మ్డ్ సంఘాలవారు కలిశారు. గుంటూరులోని మన ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం ఆ సమాఖ్యలోదే. రేగెన్స్‌బుర్గ్‌లో చేజారినది 458 ఏళ్లకు మళ్లీ చేతికందిందన్నమాట.

ఈ చర్చ రాగానే మన సభల్లో ఎవరో ఒకరు మర్కట, మార్జాల కిశోర న్యాయాలు ఎత్తుతారు. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకుంటుంది, పిల్లిపిల్లను తల్లే నోట కరచుకు పోతుంది. రుడాల్ఫ్ ఒట్టో 1930లోనే ఆ వైష్ణవ వాదాలను క్రైస్తవం పక్కన పెట్టి చూశాడు. పోలిక కొంతవరకు పనికొస్తుంది. ట్రెంటుది కోతిపిల్ల పక్షం, లూథర్‌ది పిల్లిపిల్ల పక్షం అని చేతులు దులుపుకుంటే మాత్రం, పట్టుకునే బలం కూడా తల్లి ఇచ్చిందేనని ట్రెంటు చెప్పిన మాట జారిపోతుంది.

ఈ ప్రశ్న మన గడ్డ మీద వేదాంత గ్రంథాల్లోంచి దిగి మట్టిలో నిలబడిన సందర్భం ఒకటుంది. 1876-78 కరువు. ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కుర్రతనంలో అమెరికాలో సర్వే పని నేర్చినవాడు. బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వించే కాంట్రాక్టు తీసుకున్నాడు. పల్లెల నుంచి, ముఖ్యంగా మాదిగవాడల నుంచి, డొక్కలెండిన జనం వచ్చి మట్టి తవ్వారు, తట్టలతో మోశారు, కూలి తీసుకున్నారు. మేస్త్రీలుగా నిలబడ్డ తెలుగు బోధకులు పని మధ్య విరామాల్లో వాక్యం చెప్పేవారు. జనం బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. కరువు సాయం సాగినంత కాలం, ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం నిలిచిపోయాక కూడా వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్లలో నిలబడి ఇచ్చినవాళ్లు ఆరుగురు తెలుగు బోధకులు. ఒక జత అలిసిపోతే ఇంకో జత దిగేది.

పనిచేసినవాడికి ఇచ్చేది బాకీ తీర్చడమే, అది కానుక కాదని పౌలు రోమా పత్రిక నాలుగో అధ్యాయంలో అంటాడు. కాలువ గట్టు మీద ఇచ్చినది వాళ్ల కష్టార్జితం. ఏట్లో ఇచ్చినది దానికి కొసరు కాకూడదు. అందుకే క్లౌ రెంటి నడుమ కాలాన్ని అడ్డం పెట్టాడు. తిండి కోసం మతం మారారన్న నింద దీంతో పోయిందా? పోలేదు. కృతజ్ఞత కూడా మనిషిని లాగుతుంది. సాయం ఆగితే దాన్ని మరచిపోతారా? అయితే మాదిగవాడల్లో ఈ కదలికకు ఆద్యుడైన తాళ్లకొండపాడు పేరయ్య బాప్తిస్మం పొందింది 1866లో, కరువుకు పదేళ్ల ముందు. కదలిక అప్పుడే మొదలైంది. కరువు ఒక్కదానితో లెక్క కట్టేవాళ్లు ఆ పదేళ్లను దాటేస్తున్నారు.

తేలనివి ఇంకా ఉన్నాయి. కాంటారిని నిశ్చింతగా నిద్రపోగలనన్నాడు. తన రక్షణ గురించి అంత నిశ్చయం ఏ మనిషికీ తగదని ట్రెంటు అంది. 1999 ప్రకటన ఆ ముడిని వదులు చేసింది గానీ విప్పలేదు. మధ్యాహ్నం సమావేశం దాని మీదే. ఒంగోలు గురించి పత్రాలు తెచ్చినవారికి ఒక మనవి. ఇప్పటిదాకా వచ్చిన రాతల్లో ఎక్కువభాగం బాప్తిస్మం ఇప్పించినవాళ్ల వైపు నుంచే. పుచ్చుకున్నవాళ్లు ఏమనుకున్నారో కుటుంబాల్లో చెప్పుకునే కథల్లోంచి, సంఘం రిజిస్టర్లలోంచి మీరు పైకి తీస్తే వినాలని ఉంది.

మొదటి పత్రసమర్పకులు వేదిక మీదికి రావాలి.